పాత సరుకు అమ్మేవారు ఎంతవరకు చెప్పాలి?

లోగుట్టు పెరుమాళ్లకెరుక అంటారు గానీ, వాడిన వస్తువు లోగుట్టు అమ్మేవారికీ ఎరుకే. ఇంట్లోని ఫ్రిజ్‌నో ఫోన్‌నో మొదటిసారి ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో పెట్టే మనిషి వ్యాపారి కాకపోవచ్చు. అయినా ప్రకటన పెట్టగానే వ్యాపారికుండే ధర్మసంకటం ఆ మనిషికీ తప్పదు. తెలిసినదంతా చెబితే ధర పడిపోతుంది. చెప్పకపోతే అది మోసమా, ఉత్త మౌనమా?

రోమన్ రచయిత సిసిరో క్రీ.పూ. 44లో కర్తవ్యాల గురించి రాసిన పుస్తకం మూడో భాగంలో ఈ చిక్కును ఒక ఉదాహరణగా చర్చించాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ఓడ నిండా ధాన్యం తెచ్చాడు. వెనకే మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. ఆ మాట కొనేవాళ్లకు చెప్పాలా? అక్కర్లేదన్నాడు స్టోయిక్ గురువు, బాబిలోన్ వాడైన డయోజెనీస్. చట్టం చెప్పమన్న లోపాలు చెప్పి, అబద్ధమాడకుండా అమ్మితే చాలు. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అన్నది అతని వాదం. శిష్యుడు ఆంటిపేటర్ ఒప్పుకోలేదు. మనుషులంతా ఒకే సంఘం గనక కొనేవాడికి తెలియాల్సినది అమ్మేవాడు తనలో అట్టిపెట్టుకోకూడదన్నాడు. సిసిరో శిష్యుడి వైపే మొగ్గాడు. తన లాభం కోసం ఎదుటివాడు తెలియకుండా ఉండిపోవాలని కోరుకోవడమే దాచడం అని తేల్చాడు.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇంకాస్త మెత్తని గీత గీశాడు. పైకి కనబడని లోపం, కొన్నవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేది, చెప్పి తీరాలి. గుర్రానికి ఒక కన్ను లేదనుకుందాం. అది అందరికీ కనిపించేదే. అందుకు తగ్గట్టు ధర తగ్గిస్తే నోటితో చెప్పనవసరం లేదు. సంతలో ఈ నియమం చక్కగా నిలబడుతుంది, ఎందుకంటే అక్కడ కొనేవాడు గుర్రం చుట్టూ తిరిగి చూడగలడు. ఫోన్ తెరలో అలా తిరిగి చూసే వీలు లేదు. గుర్రాన్ని మంచి కన్ను వైపు నుంచి ఫొటో తీస్తే లేని కన్ను కూడా గుప్తలోపమైపోతుంది. కొనేవాడి చూపు ఎక్కడ పడాలో అమ్మేవాడే నిర్ణయిస్తున్నప్పుడు, చూసుకోవాల్సిన బాధ్యత నీదే అనడం న్యాయం కాదు. ముహమ్మద్ ప్రవక్త గురించిన హదీసులో సంగతి ఇదే: ఆయన బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని చెప్పిన వర్తకుణ్ణి, ఆ తడి గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పోయలేదని అడిగారు.

మన చట్టం ఇంత దూరం రాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మాట్లాడాల్సిన బాధ్యత లేనిచోట మౌనం మోసం కాదు. ఆ సెక్షన్ కింద ఉదాహరణలూ గుర్రానివే. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఊరుకుంటే మోసం కాదు. కొనేది అప్పుడే యుక్తవయసు వచ్చిన సొంత కూతురైతే మాత్రం ఆ బంధం వల్ల చెప్పాల్సిందే. నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను అని కొనేవాడు అన్నాక నోరు మెదపకపోతే ఆ మౌనం మాటతో సమానం. మూడో ఉదాహరణ చాటింగ్‌కు అచ్చంగా సరిపోతుంది. “ప్రాబ్లమ్ ఏం లేదుగా అన్నా?” అన్న మెసేజ్‌కు లొకేషన్ మాత్రమే పంపడం జవాబు చెప్పినట్టే. రెండో ఉదాహరణ మరింత లోతైనది. కూతురికి చెప్పాల్సిన నిజం ఊరూ పేరూ తెలియని మనిషికి ఎందుకు అక్కర్లేదు? చట్టం దగ్గర దీనికి జవాబు లేదు. మహాభారతం శాంతిపర్వంలో ఉంది. అక్కడ కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడు మహాతపస్వి జాజలికి ధర్మం బోధిస్తాడు. అతని త్రాసు అన్ని ప్రాణులకూ ఒకేలా తూగుతుంది. అయినవాళ్లకో తూకం, కానివాళ్లకో తూకం ఉండదు.

ఇదంతా ఒక ఫ్రిజ్ ప్రకటనలో ఎలా కనబడుతుంది? “వాడకం తక్కువ, కండిషన్ సూపర్” అన్న మాటలో సమాచారం లేదు. కొని ఐదేళ్లు, బిల్లు ఉంది, పోయిన వేసవిలో గ్యాస్ ఎక్కించాం, తలుపు రబ్బరు కింది మూల సరిగా పట్టడం లేదు అన్న నాలుగు ముక్కల్లో ఉంది. సొట్ట పడిన వైపు ఒక ఫొటో, నడుస్తుండగా తీసిన చిన్న వీడియో తోడైతే కొనేవాడు సంతలో నిలబడి చూసినంత పనవుతుంది.

ధర విషయంలో మౌనానికి వేరే లెక్క. “లాస్ట్ ఎంత?” అని అడిగితే మనసులోని కనీస ధర బయటపెట్టకపోవడం దాచడం కాదు, అది అమ్మేవారి మనసు సంగతి, వస్తువు సంగతి కాదు. ఎవరో ఎనిమిది వేలు ఇస్తామన్నారని లేని గిరాకీని కల్పించడం మాత్రం అబద్ధమే. కొనేవాడి అవసరం చూసి రేటు పెంచడాన్నీ అక్వినాస్ ఒప్పుకోలేదు. వస్తువు వదులుకోవడం వల్ల తనకు కలిగే నష్టానికి ఎక్కువ అడగవచ్చు గానీ, ఎదుటివాడి అవసరం తనది కాదు గనక దాన్ని అమ్ముకునే హక్కు లేదన్నాడు.

అమ్ముతున్నది తనదే కావడం అన్నిటికన్నా ముందు మాట. దొంగసొత్తు పుచ్చుకోవడాన్ని జైనుల తత్త్వార్థసూత్రం అస్తేయవ్రతానికి భంగంగా లెక్కిస్తుంది. తెలిసినవారు ఇచ్చిన బిల్లు లేని ఫోన్‌ను వారి తరఫున అమ్మిపెట్టేవారు ముందుగా స్టార్ హాష్ జీరో సిక్స్ హాష్ నొక్కి ఐఎమ్‌ఈఐ నంబరు తీసుకుని, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. నిజం చెప్పే బాధ్యతంటే అవతలివాడు చెప్పిందల్లా నమ్మడం కూడా కాదు. డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి అని కొనేవాడంటే బేరం అక్కడితో ఆపేయాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, అందుకోవడానికి అక్కర్లేదు.

డబ్బు చేతిలో పడ్డాక బాధ్యత తీరిపోతుందా? కొన్నాక గానీ అమ్మాక గానీ మనసు మార్చుకున్నవారు పది రోజుల్లోగా సరుకు తిరిగి ఇవ్వవచ్చు, తీసుకోవచ్చు అంటుంది మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం. మనిషికీ మనిషికీ మధ్య జరిగే నేటి బేరాల్లో అంత గడువు ఎవరూ ఇవ్వరు, ఇవ్వాల్సిన పనీ లేదు. చెప్పి అమ్మిన లోపం చూపి వెనక్కి తీసుకోమంటే కాదనవచ్చు. తెలిసీ చెప్పని లోపం బయటపడితే మాత్రం “నో రిటర్న్” అని ముందే రాసినా, డబ్బు తిరిగి ఇచ్చి ఆ ఫ్రిజ్‌ను తన ఆటో ఖర్చుతో ఇంటికి తెచ్చుకోవాలి.