అవతల అమ్మేదెవరు?

ఆషాఢం వచ్చిందంటే బట్టల కొట్ల ముందు నిలబడ్డానికి చోటుండదు. నిన్నటిదాకా నాలుగు వేలన్న చీర ఇవాళ రెండు వేల అయిదు వందలంటే మనకు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. ఎందుకు తగ్గించాడని ఎవరూ అడగరు. అడిగినా జవాబు తెలిసిందే. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, శ్రావణానికి కొత్త సరుకు దింపుకోవాలి, పాతది ఖాళీ చెయ్యాలి. చీరకేమీ కాలేదు. అంచు అంచే, కొంగు కొంగే. ధర ఒక్కటే తగ్గింది.

అదే ఆ కొట్టు కంపెనీ షేరు నాలుగు వేల నుంచి రెండు వేల అయిదు వందలకు పడిందనుకోండి, కొత్తవాళ్ళు గుమ్మం తొక్కరు సరికదా, ఉన్నవాళ్ళు కూడా అమ్ముకుని బయటపడదామని చూస్తారు. చీర చౌకైతే పరుగెత్తుకొచ్చే మనిషి షేరు చౌకైతే పారిపోతుందేమిటని తెలిసినవాళ్ళు నవ్వుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నాకు మాత్రం ఈ పోలిక మీద చిన్న అనుమానం. చీరను చేత్తో తడిమి చూసుకున్నాం. షేరు విషయంలో తగ్గింది ధరా, లేక చీరేనా?

ఒకప్పుడు షేర్లంటే మగవాళ్ళు పేపరు వెనక పేజీల్లో సన్నక్షరాలు వెతుక్కునే వ్యవహారం. ఇప్పుడు డీమాట్ ఖాతా సెల్‌ఫోన్లోనే తెరుచుకుంటోంది కనుక, పొయ్యిమీద పాలు పొంగేలోగా పది షేర్లు కొనెయ్యవచ్చు. 2024లో దసరా వెళ్ళాక వచ్చిన సోమవారం, అంటే అక్టోబరు 14న, డీమార్టు షేరు ఒక్క రోజులో ఎనిమిది శాతానికి పైగా పడిపోయింది. మా మరదలు ఫోను పట్టుకుని వచ్చింది.

"వదినా, కొందామా? మళ్ళీ ఇంత చౌకగా దొరకదు."

అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా పిన్ని తలెత్తకుండానే అడిగింది. "అమ్మేదెవరే?"

"ఎవరో తెలీదండీ అత్తయ్యగారూ. తెలియక్కర్లేదు కూడా."

"తెలీకుండా ఎలా కొంటారమ్మా? ఎందుకమ్ముతోందో ఏమో!"

ఆ మాటకు మేమిద్దరం నవ్వేశాం గానీ, చెప్పొద్దూ, నన్ను రెండ్రోజులు నిద్రపోనివ్వలేదది. మనం షేరు కొంటే డబ్బు ఆ కంపెనీకి చేరుతుందని చాలామంది అనుకుంటారు. చేరదు. డీమార్టు 2017 మార్చిలో మొదటిసారి జనానికి షేర్లు జారీ చేసింది, ఒక్కొక్కటి 299 రూపాయలకు. అలా కంపెనీయే కొత్తగా జారీ చేసినప్పుడే డబ్బు దాని పెట్టెలో పడుతుంది. తర్వాత జరిగేదంతా చేతులు మారడమే. నా చేతికి చౌకగా వచ్చిందంటే, అవతల ఒక చెయ్యి చౌకగా వదులుకుందన్నమాట. పిన్ని అడిగింది ఆ చెయ్యి గురించే.

చీటీ పాటలో ఆ చెయ్యి మనకు కనపడుతుంది. లక్ష రూపాయల చీటీ. అవసరం ఎక్కువున్నావిడ "డెబ్బై అయిదు వేలొచ్చినా చాలు" అని పాడుకుంటుంది. ఆవిడ వదులుకున్న పాతిక వేలే, నడిపేవారి కమిషను పోగా, డివిడెండు పేరుతో అందరికీ పంచుతారు. ఈ నెల వాయిదా తగ్గిందని మనం సంతోషిస్తాం. ఆవిడ తొందర కూతురి పెళ్ళికో, ఇంటాయన ఆపరేషన్‌కో అని మనకు తెలుసు. అయినా ఎవరూ దీన్ని పాపమనుకోరు. వచ్చే ఏడు అలా తగ్గించి పాడాల్సిన అవసరం మనకే రావచ్చు, అప్పుడు మన పాతిక వేలు ఆవిడా పంచుకుంటుంది. ఒకరి మొహాలొకరం చూసుకుంటూ చేసుకున్న ఒప్పందమది.

మొహం కనపడితే ఎంత తేడానో ఇంకోటి చెబుతాను. మా వీధి మలుపులో ఓ చిన్న బట్టల కొట్టుండేది. 2020లో లాక్‌డౌన్ ఎత్తేశాక కొన్నాళ్ళు తెరిచి చూశారు, జరుగుబాటు లేక మూసేస్తూ ఉన్న సరుకు సగం ధరకు పెట్టారు. నేను మూడు చీరలు తీసుకున్నాను. గోంగూర కట్ట దగ్గర కూడా బేరమాడే నా నోరు ఆ రోజు పెగల్లేదు. కొట్టాయన భార్య వెనకాల కూర్చుని అట్టపెట్టెలకు తాళ్ళు కడుతోంది మరి. అదే ఫోనులో షేరు కొనేటప్పుడు లిమిట్ అని ఓ గడి ఉంటుంది. ఇంతకంటే పైసా ఎక్కువివ్వనని అందులో రాసుకోవచ్చు. అదీ బేరమే కదా! నాలుగు రూపాయలు తగ్గించి రాసేసి, ఏ మొహమాటమూ లేకుండా కాళ్ళు చాపుకుని కూర్చుంటాం. అటువైపు అట్టపెట్టెలు కట్టే ఆవిడ ఉందో లేదో కనపడదు.

ఉన్నా నువ్వేం చెయ్యగలవు, నువ్వూ కొనకపోతే ఆవిడ ఇంకా తక్కువకు అమ్ముకోవాలి కదా అంటారు మావారు. నిజమే. పడుతున్న షేరుకు కొనేవాళ్ళు కరువైతే అది ఇంకా జారుతుంది. ఆ లెక్కన కొన్నవాళ్ళు ఉపకారమే చేశారు. కాకపోతే ఉపకారమని చెప్పుకుంటూ ఎవరూ షేరు కొనరు. నాకు తెలిసి అందరూ "వాళ్ళకు తెలీక అమ్ముకుంటున్నారు, నాకు తెలుసు గనక కొంటున్నాను" అనే అనుకుంటారు.

బిగ్ బజార్ గుర్తుందా? 2001లో మొదలైన ఆ కొట్లు హైదరాబాదుకూ అప్పుడే వచ్చాయి. 2006 నుంచి జనవరి 26 వచ్చిందంటే అక్కడ చౌక అమ్మకాల జాతర. ఆ కొట్లు నడిపిన ఫ్యూచర్ రిటైల్ షేరు 2020 జనవరిలో మూడు వందల పైన ఉండేది. మార్చి ఆఖరుకు వంద దిగువకొచ్చింది. లాక్‌డౌన్ ఒకటే కాదు దానికి కారణం. యజమానుల షేర్లు చాలావరకు అప్పులకు తాకట్టులో ఉన్నాయి. బంగారం ధర తగ్గితే తాకట్టు చాలదని ఇంకో గాజు తెమ్మంటారు చూడండి, అలాగన్నమాట. తేలేకపోతే అప్పిచ్చినవాళ్ళు వాటిని స్వాధీనం చేసుకుంటారు, అమ్ముకుంటారు. అంటే ఆ మార్చిలో "ఇంత పేరున్న కొట్టు, ఇంకెంత పడుతుందిలే" అని కొన్నవాళ్ళకు అమ్మింది భయపడ్డ అమాయకులే కావాలని లేదు. కంపెనీ సంగతి వీళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళూ ఉండవచ్చు.

ఆ కొట్లు చాలావరకు అద్దె భవనాలు. అద్దెలు కట్టలేకపోయారు. అప్పటికే లీజులు తన పేర రాయించుకున్న రిలయన్స్ 2022 ఫిబ్రవరిలో కొట్లను స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడు జులైలో కంపెనీ దివాలా విచారణకు వెళ్ళేటప్పటికి షేరు పది రూపాయల దిగువకు వచ్చేసింది. 2024 జులైలో ఆస్తులమ్మి మూసెయ్యమని ఉత్తర్వు. తగ్గింది ధర కాదు, చీరే! మూడు వందలప్పుడు అమ్మినావిడను చూసి జాలిపడ్డవాళ్ళే తర్వాత నలభైకి అమ్ముకుని ఉంటారు. వాళ్ళ దగ్గర కొన్నవాళ్ళు వాళ్ళను చూసి జాలిపడి ఉంటారు.

డీమార్టు సంగతి వేరనే నాకనిపించింది. దాని కొట్లు చాలావరకు సొంత భవనాల్లోనే ఉంటాయి గనక అద్దెవాడొచ్చి తలుపు తట్టడు. పడిందెందుకయ్యా అంటే, అమ్మకాలు అనుకున్నంత పెరగలేదు, పెద్ద నగరాల్లో ఆన్‌లైన్ సరుకుల దెబ్బ తగులుతోందని కంపెనీవాళ్ళే ఒప్పుకున్నారు. ఆన్‌లైన్ అంటే ఎవరనుకున్నారు? పది నిమిషాల్లో కరివేపాకు తెప్పించుకునే మనమే! మనమే పడగొట్టి, మనమే చౌకగా దొరికిందని ఏరుకోవడం.

ఇదంతా తెలిశాక కొనవచ్చునా అంటే, కొనవచ్చుననే నా మనసు చెప్పింది. మన డబ్బు, మనం చూసుకున్న కారణం, పోతే మనమే మోస్తాం. అమ్మేవాళ్ళను మనం తొందరపెట్టలేదు, వాళ్ళ అవసరాన్ని చూసి ధర దించనూ లేదు. అంతవరకు నాకు పేచీ లేదు. కానీ కొందామనుకున్న క్షణం నుంచి కొనే క్షణం దాకా మనసు చేసే పనొకటుంది. సోమవారం మధ్యాహ్నం మా మరదలు ఫోను చూస్తూ, "ఇంకో వంద రూపాయలు పడితే బావుణ్ణు వదినా" అంది. నా లోపలా సరిగ్గా ఆ మాటే ఉంది. ఇంకో వంద పడాలంటే ఏం జరగాలి? ఆ కొట్లలో బేరాలు ఇంకా తగ్గాలి. బిల్లులు కొట్టే పిల్లల్లో కొందరిని మానిపించాలి. పప్పులు పోసే వర్తకుడికి కొత్త ఆర్డరు రాకూడదు. ఇవేవీ మేం కోరలేదు, నిజమే. వంద రూపాయలే కోరాం. కొట్టు మూస్తున్న ఆయన ఎదురుగా నిలబడి "ఇంకో నెల ఇలాగే ఉంటే ఇంకా చౌకగా ఇచ్చేవారు కదండీ" అని అనగలమా? నాలిక కొరుక్కోమూ? మొహం లేని చోట ఆ నాలిక మహా తేలిగ్గా కదులుతుంది. కొనుక్కున్న మరుక్షణం అదే నాలికతో ఆ కొట్లన్నీ కళకళలాడాలని దీవిస్తాం.

ఆ సాయంత్రం పిన్నికిదంతా చెప్తే, చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు నెట్టి, "పడాలని చూడకండర్రా. కొంటే ఉన్న ధరకు కొనండి, లేకపోతే మానెయ్యండి" అంది. లిమిట్ గడిలో ఏమీ రాయకుండా, మర్నాడు ఉదయం ఎంతుంటే అంతకు నేను నాలుగు కొన్నాను, మా మరదలు పది కొంది. లాభమా నష్టమా అని మాత్రం అడక్కండి.

కొన్న కాసేపటికే మా మరదలు మళ్ళీ ఫోనులో ఏదో నొక్కుతుంటే, ఇంకో పదా అని అడిగాను. "కాదు వదినా, చారులోకి కొత్తిమీర లేదు. పది నిమిషాల్లో తెస్తాడు" అంది. పిన్ని ఈసారి తలెత్తి చూసింది.