రాశి లోపలి తడి

కాకినాడకు చెందిన ఒక సోదరుడు ఇటీవల మమ్మల్ని ఒక సందేహం అడిగారు. యానాంలో పీవై 04 నంబరున్న పెద్ద కారు ఒకటి అమ్మకానికి వచ్చిందట. కొత్తదైతే 80 లక్షలు, ఇది 18 లక్షలకే. "ఇలాంటి బండి కొంటే దుబారా కిందికి వస్తుందా?" అన్నది ఆయన ప్రశ్న.

మంచి వాహనాన్ని కోరుకోవడం తప్పు కాదు. ధర్మపరాయణురాలైన భార్య, విశాలమైన ఇల్లు, మంచి పొరుగుతోపాటు సౌకర్యమైన వాహనాన్ని కూడా దైవప్రవక్త (స) మనిషి సౌభాగ్యాలలో చేర్చారు. దుబారా సంగతి ఎవరి స్తోమతును బట్టి వారికి చెప్పవలసిందే. బండి పాతబడితే దాని ధర పడిపోతుంది గాని విడిభాగాల ధర పడిపోదు. ఎయిర్ సస్పెన్షన్ పాడైతే 80 లక్షల బండి ఖర్చే మీద పడుతుంది. ఏడాది తిరక్కుండా ఇంట్లో నగలు తాకట్టుకు, అక్కణ్ణుంచి వడ్డీకి దారి తీస్తే దాన్ని సౌభాగ్యమని ఎలా అనగలం?

అయితే మాకు ఇంతకన్నా పెద్ద ప్రశ్న తోచింది. అంత చవక ఎందుకు?

2022 జూలైలో గోదావరి వరద యానాంను ముంచెత్తింది. నీట మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మితే పైకి ఏమీ తెలియదు. కార్పెట్ ఎత్తితే ఒండ్రు, సీట్ల కింద తుప్పు, వైర్ల అతుకుల దగ్గర పచ్చటి చిలుము బయటపడతాయి. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పోనిస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినది జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడికీ తనకూ సంబంధం లేదన్నారు. వాన కురవడంలో ఆ వర్తకుని తప్పేమీ లేదు, తడిని అడుగున దాచడమే తప్పు. ఇలా దాచిన లోపం తర్వాత బయటపడితే సరుకు తిరిగిచ్చే హక్కు కొన్నవానికి ఉందని ఫిఖహ్ పండితులు చెప్పారు.

ఇదంతా విని ఆ సోదరుడు సంతోషంగా తల ఊపారు. ఇంతవరకు తప్పు అమ్మేవానిది కదా! ఆ తర్వాత తన సంగతి చెప్పారు. బండి కాకినాడలోనే తిరుగుతుందట, నంబరు మాత్రం యానాందే ఉంటుందట. అక్కడ తెలిసినవారి చిరునామా ఇస్తే ఆంధ్రలో లైఫ్ ట్యాక్స్ తప్పుతుందట.

యానాం వాసులకు ఆ నంబరు న్యాయమైనదే, వారిని శంకించే పని లేదు. కాని 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని నివాసమో వ్యాపారమో ఉండి, బండిని మామూలుగా ఉంచే రాష్ట్రంలోనే రిజిస్ట్రేషను జరగాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. తప్పుడు చిరునామాలతో పుదుచ్చేరి నంబర్లు తీసుకున్నారన్న ఆరోపణలపై 2017లో కేరళలో కొందరు సినీ ప్రముఖుల మీద కేసులు కూడా నమోదయ్యాయి.

"ప్రభుత్వం ఆ డబ్బును సవ్యంగా ఖర్చు పెడుతోందా?" అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. పన్నుల గురించి పండితుల మధ్య చర్చ ఉంది, నిజమే. కాని మేము అడిగింది పన్ను గురించి కాదు. తాను నివసించని ఇంటిని తన ఇల్లని రాసి, కింద సంతకం పెట్టడం గురించి. కార్పెట్ కింద ఒండ్రు దాచినవానికీ, కాగితం మీద కాకినాడను దాచినవానికీ ఏమిటి తేడా?

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆంధ్రకు మార్చడానికి యానాం నుంచి తెచ్చుకోవలసిన నిరభ్యంతర పత్రం, ఇక్కడ కట్టవలసిన పన్ను కలుపుకుంటే బండి ఎంతకు తేలుతుందో ఇప్పుడు లెక్క వేసుకుంటున్నారు. ఈలోగా కార్పెట్ ఎత్తి చూపించమని అమ్మేవారిని అడిగారట. వచ్చే ఆదివారం రమ్మన్నారట.