వంటిల్లు చాటునా, ఎదుటా?

సూళ్లూరుపేటకు దగ్గర్లోని శ్రీసిటీలో 2016లో జపాన్ కంపెనీ ఇసుజు కర్మాగారం మొదలైంది. జపాన్‌కే చెందిన కోబెల్కో, డైకిన్ కూడా అక్కడే ఉన్నాయి. జపాన్ మన పొరుగుకు వచ్చాక వాళ్ల వంటింటి తీరు చూస్తే ఒక పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది: అన్నానికి పవిత్రత చాటున వండితే వస్తుందా, అందరి ఎదుట వండితేనా?

జపాన్ పాతకాలపు ఇళ్లలో మట్టినేల మీద కమాడో పొయ్యి ఉండేది. దాన్ని కాచే దేవుడు కోజిన్. ఆ సంప్రదాయాన్ని తలచుకునే హోటళ్లలో పొడవాటి చెక్కబల్లకు అటు వంటవాడు, ఇటు తినేవాడు. మధ్యలో గోడ ఉండదు. చేపను కోసే కత్తి, అన్నం ముద్దను నొక్కే వేళ్లు, అన్నీ కళ్లముందే.

మన మడివంట దీనికి ఎదురు. తిరుమల గుడి వంటశాల అయిన పోటులోకి భక్తులకు ప్రవేశం లేదు. అక్కడి వంటను స్వామి తల్లి వకుళమాత కనిపెట్టి ఉంటుందని నమ్మకం.

అయితే రెండు చోట్లా నియమం ఒక్కటే, శ్రద్ధ. జెన్ గురువు డోగెన్ 1237లో వంటవాడికి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. బియ్యంలో ఇసుక ఏరేటప్పుడు, ఇసుకతో గింజ పోకుండా కూడా చూడమన్నాడు.

సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి రాత్రిపూట కూడా తలుపులు మూయరు. తెరిచి ఉంచినంత మాత్రాన మహిమ తరగదని ఊరికి తెలుసు.

కాబట్టి ఇక్కడ జపాన్ తీరు హోటల్ పెట్టేవాళ్లు ముందువైపు ఉత్తుత్తి మట్టిపొయ్యి, వెదురు తడికలు పెట్టి, అసలు వంట వెనక ఇరుకుగదిలో చేయిస్తే అది అలంకారమే. ఆ డబ్బుతో వంటగది గోడ తీయించి, వంటవాడిని జనానికి కనబడనివ్వండి.