నూటికి ఎందరు?

కొత్త జబ్బు పేరు చెవిన పడితే చాలు, మనం మొట్టమొదట అడిగేది "అది ప్రాణం తీస్తుందా?" అనే. దానికి డాక్టర్ల దగ్గర ఓ లెక్క ఉంది. జబ్బుపడ్డవాళ్ళు 100 మందైతే పోయినవాళ్ళు ఎందరు? ఐదో తరగతి పిల్లాడు చేసే లెక్కే! పిచ్చికుక్క కరిచి రోగం బయటపడితే దాదాపు 100కి 100 మందీ పోతారు. ఒకప్పటి మశూచి 30 మందిని తీసుకుపోయేది.

వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ ఎవర్ని లెక్కపెట్టారన్నది చూడాలిగా! జ్వరంతోనే పొయ్యి ముందు నిలబడి, ఇంత మిరియాల కషాయం తాగి తగ్గించుకున్న ఇల్లాలు ఏ పుస్తకంలోకి ఎక్కింది? ఆస్పత్రికి వచ్చినవాళ్ళనే లెక్కిస్తే జబ్బు ఉన్నదానికన్నా భయంకరంగా కనిపిస్తుంది. ఆస్పత్రి గడప తొక్కకుండానే పోయినవాళ్ళను వదిలేస్తే మెత్తగా కనిపిస్తుంది.

పోనీ, అందర్నీ సరిగ్గానే లెక్కపెట్టారనుకుందాం. అప్పుడైనా ఆ అంకె ఒక్క రోగానిదేనంటారా?

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కి వచ్చిపడ్డారు. సరిహద్దు ఊరు బొంగావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. 100కి 30 మంది దాకా పోతున్నారు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపించి, తాగించే పని రోగుల బంధువులకే అప్పగించారు. ఆయన చూసిన రోగుల్లో చావులు 100కి 4 లోపుకి దిగిపోయాయి!

క్రిమి మారలేదు. బురద మారలేదు. ఆ మనుషుల పేదరికమూ మారలేదు. మారిందల్లా గ్లాసు పట్టుకుని, గుక్కగుక్కగా తాగించిన ఓ చెయ్యి. అంటే "ఈ రోగం ఇంతమందిని చంపుతుంది" అన్న మాటలో సగం రోగం సంగతైతే, మిగతా సగం మన సంగతే కదూ?

ఇవాళ్టికీ ప్రపంచంలో విరేచనాలతో ఏటా 4 లక్షలకు పైగా ఐదేళ్ళలోపు పసివాళ్ళు పోతున్నారు. అందులో ఎంతోమందిని నిలబెట్టగలిగినవి శుభ్రమైన నీళ్ళు, ఆ చిన్న పొట్లం, సమయానికి తెలిసి చెప్పే ఓ మనిషి. అవి అందక పోయిన బిడ్డను రోగం ఖాతాలో రాసేసి, చేతులు కడుక్కోవడం న్యాయమేనా? మీరే చెప్పండి.