స్వహస్తముతో వ్రాసిన గుర్తు



మొన్న గురజాల దగ్గర ఒక గ్రామమున ఆరాధన ముగిసిన పిమ్మట, ఒక యౌవనుడు మా చేతికి పాత కాగితమొకటి ఇచ్చెను. దానిమీద సి.కె. నాయుడుగారి సంతకము, ప్రక్కనే 1932 అను అంకెలు ఉన్నవి. ఆ యేట జూన్ 25న లండనులోని లార్డ్సు మైదానమున మన దేశము ఆడిన మొదటి టెస్టు క్రికెట్టు పందెమునకు నాయకుడు ఆయనే; నాగపూరులో పుట్టిన తెలుగువాడు. కాగితము చనిపోయిన తాతగారి పెట్టెలో దొరికినదట. చెల్లెలి పెండ్లి ఖర్చులకు దానిని అమ్మదలచి, "అయ్యగారూ, ఇది నిజమైనదేనని మీరొక ఉత్తరము వ్రాసి సంతకము చేయండి. మీ మాట నమ్ముతారు" అనెను.

మేము ఆ విద్య నేర్చినవారము కాము. అయినను భూతద్దము పెట్టి చూచితిమి. అచ్చువేసిన సంతకమైతే సన్నని చుక్కలు కనబడును. చూచి దిద్దినవాని కలము అక్షరమక్షరమునకు ఆగి వణకును. తన పేరు తాను వ్రాయువాని చేయి పరుగెత్తును. ఒకడే చేసిన రెండు సంతకములు వెంట్రుకవాసి తేడా లేక సరిపోవుట లేదు. సరిపోయిన, ఒకటి దిద్దినదే. కాగితము పాతదైనంత మాత్రాన చాలదు. పాత పుస్తకములలోని ఖాళీ పుటలు మోసగాండ్రకును దొరకును గదా!

ఈ కాగితముమీద సంతకము, అంకెలు రెండును బాల్ పెన్నుతో వ్రాసినవే. ఆ పెన్నులు అంగళ్లకు వచ్చినది 1940 దాటిన తరువాతనే. నాయుడుగారు 1967 వరకు జీవించిరి గనుక సంతకము ఆయన తరువాత చేసినదైనను కావచ్చును. ఆయనదని రూఢియైన మరియొక సంతకము ప్రక్కన పెట్టి చూడనిదే ఎవరును తేల్చలేరు. అంకెలు మాత్రము 1932 నాటివి కావు.

అబ్బాయి ముఖము చిన్నబోయెను. "మా తాత అబద్ధమాడాడా?" అనెను.

"లేదు నాయనా. ఇచ్చినవాడే ఆయనను మోసగించెనేమో. తరువాత ఎవరైన అంకెలు వేసిరేమో."

పౌలు భక్తుని పేరట దొంగ పత్రిక వచ్చి థెస్సలొనీక సంఘమును కలవరపెట్టు భయము ఆ దినములలోనే యుండెను. ఆయన చెప్పుచుండగా ఇతరులు వ్రాయుట కలదు. రోమా పత్రికను వ్రాసిన చేయి తెర్తియుది. అందుచేత చివరి వందనము తానే వ్రాసి, ప్రతి పత్రికకును అదియే గుర్తని థెస్సలొనీకయులకు తెలిపెను. తన పత్రికను సంఘము పరీక్షించుట ఆయన అవమానముగా ఎంచలేదు. ఫిలేమోనుకు వ్రాసినప్పుడు, ఒనేసిము బాకీ తానే తీర్తునని స్వహస్తముతో వ్రాసి యిచ్చెను. పేరు పెట్టినవాడు నష్టమును భరింపవలెనని ఎరిగియే పెట్టెను. మిరపపైరుకు అప్పు తెచ్చు దినములలో, ప్రాంసరీ నోటు చదువకయే సాక్షి సంతకము చేసి కోర్టుల చుట్టు తిరిగినవారు మన పల్నాటిలో లేరా?

మేము ఉత్తరము వ్రాసితిమి: కాగితము తాతగారి పెట్టెలో దొరికినదని ఇతడు చెప్పుచున్నాడు, సంతకము ఎవరిదో మేమెరుగము, 1932 అను అంకెలు ఆ యేట వ్రాసినవి కావు. క్రింద మా పేరు పెట్టితిమి. అబ్బాయి రెండుసార్లు చదివి, మడిచి, పాత కాగితముతోపాటు జేబులో పెట్టుకొనెను. అమ్మునో లేదో చెప్పలేదు, మేమును అడుగలేదు.