దాటగలిగినంత మాత్రాన దాటవచ్చా?

వానాకాలం వచ్చిందంటే మన ఏజెన్సీ ఊళ్లకు ఒక ప్రశ్న తప్పదు. వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. జీపు ఇవతల ఉంది, ఊరు అవతల ఉంది, జీపు నిండా మనుషులున్నారు. పోవాలా, ఆగాలా? పైకి ఇది డ్రైవరు తేల్చుకోవాల్సిన చిన్న విషయంలాగే కనబడుతుంది. నిదానంగా ఆలోచిస్తే మాత్రం దీని వెనుక పెద్ద ప్రశ్నలే ఉన్నాయి. ధైర్యం అంటే ఏమిటి? ఒకరి ప్రాణం విషయంలో ఇంకొకరు నిర్ణయం తీసుకోవచ్చా? ఏ నిర్ణయాన్ని మంచి నిర్ణయం అనాలి? పాఠ్యపుస్తకాల్లో ఈ ప్రశ్నలు మన వాగుల రూపంలో కనిపించవు. కాబట్టి యువకులు, ఉపాధ్యాయులు కలిసి మనమే వీటిని మాట్లాడుకోవాలి.

ఒకప్పుడు వాగు దగ్గర ఈ ప్రశ్న ఇంత కష్టంగా ఉండేది కాదు. నడిచిపోయే మనిషికి నీటి వేగం పిక్కలకే తెలిసిపోయేది. కర్రతో లోతు చూసేవాళ్లు, చేతులు పట్టుకుని వరసగా దిగేవాళ్లు, నడుము దాకా వస్తే వెనక్కి తిరిగేవాళ్లు. జీపు వచ్చాక నీళ్లకూ మన ఒంటికీ మధ్య ఇనుప రేకు చేరింది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి వచ్చాక ఆ దూరం మరింత పెరిగింది. ఫోన్లలో వచ్చే వీడియోల్లో బండి వాగులోకి దూకుతుంది, నీళ్లు బానెట్ మీదికి ఎగజిమ్ముతాయి, బండి అవతలి గట్టు ఎక్కుతుంది. మన తమ్ముళ్లు అవి చూసి, ఈ బండికి అడ్డే లేదనుకుంటున్నారు.

అందుకని ముందు ఆ బండి ఏం చేయగలదో, ఏం చేయలేదో చూద్దాం. మామూలు బండిలో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో నాలుగింటికీ అందుతుంది. బురదలో, ఇసుకలో, రాళ్ల ఎత్తు మీద ఇది నిజంగా గొప్ప సాయం. అయితే చక్రం బండిని ముందుకు నెట్టాలంటే అది నేలను గట్టిగా నొక్కి ఉండాలి. ఆ నొక్కుడు బండి బరువు వల్ల వస్తుంది. నీరు చేసే మొదటి పని ఆ బరువును తగ్గించడమే.

దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలతో బోర్డు మీద లెక్క కట్టించవచ్చు. జీపు అడుగు భాగం పొడవు 4 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు అనుకుందాం. వైశాల్యం 6.4 చదరపు మీటర్లు. నీరు ఆ అడుగును దాటి 10 సెంటీమీటర్లు పైకి వస్తే, లోపలికి నీళ్లు చేరేదాకా, సుమారు 640 కిలోల బరువును నీరే మోస్తుంది. మనుషులతో కలిపి జీపు 2,200 కిలోలు ఉంటే, 35 సెంటీమీటర్లకు బరువంతా నీటి మీదే ఉంటుంది. అప్పుడు నాలుగు చక్రాలూ తిరుగుతాయి కానీ దేన్నీ పట్టుకోవు. అంతదాకా పోనక్కర్లేదు, సగం బరువు తగ్గినా చాలు, ప్రవాహం బండిని పక్కకు జరుపుతుంది. నీటి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఒక అడుగు లోతు ప్రవాహం చిన్న కార్లను కదిలించగలదు, రెండడుగుల ప్రవాహం జీపుల్లాంటి పెద్ద బండ్లను కూడా లాక్కుపోగలదు. ఇక ఇంజను గాలి పీల్చే దారిలోకి నీళ్లు వెళ్లాయంటే వాగు నడిమధ్యలోనే ఆగిపోతుంది. గాలిలాగా నీరు నొక్కితే అణగదు కాబట్టి లోపలి కడ్డీలు వంగిపోతాయి. చివరికి తేలేది ఒక్కటే: బలం బండిది, పట్టు నేలది. బలాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. నేల పట్టును మాత్రం ఏ బండీ వెంట తెచ్చుకోలేదు.

నీటిని కూడా చూడాలి. గోదావరి, శబరి పక్కన ఉండేవాళ్లకు రెండు రకాల వరద తెలుసు. ఒకటి కొండ మీద వాన పడితే వచ్చేది. చింతూరు వైపు సోకిలేరు, చంద్రవంక లాంటి వాగుల్లో ఈ నీరు ఎర్రగా, చెట్ల కొమ్మలతో, రాళ్లతో గంటల్లో వస్తుంది. పైన వాన ఆగితే చాలాసార్లు గంటల్లోనే తగ్గుతుంది. రెండోది గోదావరి ఎగదన్నిన నీరు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు కూనవరం దగ్గర కలిసే శబరికి పోవడానికి దారి ఉండదు. ఆ నీరు వెనక్కి తిరిగి వాగుల్లోకి, పొలాల్లోకి, రోడ్ల మీదికి వస్తుంది. ఇది నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది, రోజుల తరబడి ఉంటుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఈ నీరు ఎంత దూరం పోయిందో మన పెద్దలకూ తెలుసు, మనకూ తెలుసు.

ఈ తేడా నీతికి కూడా సంబంధించినదే. కొండ వాగు ముందు ఆగితే మనం పోగొట్టుకునేది సాధారణంగా కొన్ని గంటలు. ఎగదన్నిన నీటి ముందు ఆగితే రోజులు పోవచ్చు, కానీ అక్కడ కావాల్సింది పడవ, జీపు కాదు. అంటే ఫోర్ వీల్ జీపుతో ఇప్పుడే దిగితీరాలి అనే సందర్భాలు మనం అనుకునేదాని కంటే చాలా తక్కువ. చాలాసార్లు మనల్ని నీళ్లలోకి దింపేది తొందర, అవసరం కాదు. అయితే తొందర ఎప్పుడూ అవసరం పేరు చెప్పుకునే వస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక సంత రోజు సాయంత్రం నేను ఎక్కిన జీపు వాగు దగ్గర ఆగింది. చప్టా మీద నీరు మోకాలి కంటే ఎక్కువగా పోతోంది. డ్రైవరు వయసులో పెద్దవాడు. దిగి, నీళ్లను కాసేపు చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ముందు సీట్లో ఉన్న ఒక కుర్రవాడు, “ఏందన్నా, ఫోర్ వీల్ బండి పెట్టుకుని భయపడతావు?” అన్నాడు. “నా ఒక్కడి సంగతైతే చూసుకుందును తమ్ముడూ, బండిలో పద్నాలుగు మంది ఉన్నారు” అన్నాడాయన. ఇంతలో వెనక నుంచి ఇంకో జీపు వచ్చి మమ్మల్ని దాటి వాగులో దిగింది, ఊగుతూ అవతలికి పోయింది. అందులోని వాళ్లు ఈలలు వేశారు. మావాళ్లు ఈయన్ని తిట్టారు. నీరు తగ్గి మేం ఇళ్లకు చేరేసరికి రాత్రి పది. తర్వాతి సంతకు ఆయన జీపు సగం ఖాళీగా పోయింది.

ఆ ఇద్దరు డ్రైవర్లలో ఎవరిది సరైన నిర్ణయం? అవతలికి చేరాడు కాబట్టి రెండో ఆయనదే అంటారు చాలామంది. ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. లెక్క రాని పిల్లవాడు పరీక్షలో కళ్లు మూసుకుని ఒక జవాబుకు టిక్కు పెడతాడు. అది సరైనదైతే మార్కు వస్తుంది. అంతమాత్రాన వాడికి లెక్క వచ్చని ఏ టీచరూ అనరు. పుట్టలో చెయ్యి పెట్టినవాడికి పాము తగలకపోతే, ఆ రోజు పాము లేదని అర్థం, పుట్టలో చెయ్యి పెట్టడం మంచిదని కాదు. నిర్ణయాన్ని తూచాల్సింది అది తీసుకున్నప్పుడు చేతిలో ఉన్న సమాచారంతో. చప్టా కొట్టుకుపోయిందో లేదో ఎర్రనీటి కింద ఇద్దరికీ కనబడలేదు. కనబడనిదాన్ని ఒకరు లెక్కలోకి తీసుకున్నారు, ఇంకొకరు తీసుకోలేదు. ఇద్దరి మధ్య తేడా అంతే. క్షేమంగా దాటిన ప్రతి జీపూ తర్వాత వచ్చే జీపుకు తప్పుడు పాఠం చెప్పి పోతుంది. అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది.

ఇంకో మాట. “పోదామా?” అని డ్రైవరు అడుగుతాడు. ముందు కూర్చున్న ఇద్దరు “పోదాం” అంటారు. అది అందరి ఒప్పుకోలు అవుతుందా? వెనక మూలన పిల్లను ఒళ్లో పెట్టుకున్న ఆడమనిషిని ఎవరూ అడగలేదు. ముసలామె “నేను దిగుతా” అంటే చీకట్లో ఒంటరిగా గట్టు మీద మిగిలిపోతుంది. దిగిపోవడానికి దారి లేనివాళ్ల మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేయకూడదు. తన ప్రాణంతో సాహసం చేసే హక్కు మనిషికి ఉందో లేదో వాదించుకోవచ్చు. అడగని మనిషి ప్రాణంతో చేసే హక్కు మాత్రం లేదు. ధైర్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. జోడేఘాట్‌లో కుమురం భీం, మన్యంలో గాం గంటం దొర, గాం మల్లు దొర మనకు పెద్దలయ్యింది పదిమంది బతుకు కోసం తమను పణంగా పెట్టినందుకు. పదిమందిని పణంగా పెట్టి తాను మొనగాడు అనిపించుకోవడం దానికి తలకిందుల పని.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. జీపులో ఉన్నది సంత సరుకు కాదు, నొప్పులు పడుతున్న తల్లి. ఆగితే ఆమె చనిపోవచ్చు. అప్పుడు? ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేయకూడదు, ఎందుకంటే డోలీ మోసిన భుజాలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. నాకు తోచింది చెబుతాను. అవసరం పెద్దదైతే మనం ఒప్పుకోగల ప్రమాదమూ పెద్దదవుతుంది, అది న్యాయమే. కానీ అవసరం వల్ల వాగు లోతు ఒక అంగుళం కూడా తగ్గదు. నడుములోతు ప్రవాహంలోకి జీపు దించితే తల్లి, బిడ్డ, తోడు వచ్చినవాళ్లు, డ్రైవరు అందరినీ ఒకేసారి పోగొట్టుకునే వీలుంది. అందుకని ముందు వేరే దారులన్నీ చూడాలి. 108కి ఫోన్ చేసి బండిని అవతలి గట్టుకు రప్పించవచ్చా? ఎగువన కాలినడక వంతెన ఉందా? ఎగదన్నిన నీరైతే పడవ దొరుకుతుందా? ఏదీ లేక దిగాల్సే వస్తే, పని లేనివాళ్లందరినీ గట్టు మీదే దించాలి. రోగి వైపువాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగాలి. ఇన్ని చేశాక కూడా జరగరానిది జరిగితే అది దుఃఖమే తప్ప నేరం కాదు. వీటిలో ఏదీ చేయకుండా దిగితే, క్షేమంగా చేరినా అది సరైన పని కాదు.

అయితే నేరమంతా డ్రైవరు నెత్తిన వేసి ఊరుకోవడం కూడా అన్యాయం. ఏళ్ల తరబడి ఎత్తైన వంతెన రాని వాగు దగ్గర అతను చివరి మనిషి మాత్రమే. వాగు పొంగినా హాజరు పడాల్సిందేనని ఒత్తిడి చేసే పై అధికారికీ, తిరిగి వెళ్లమని చెబితే బండి మార్చే ప్రయాణికులకూ ఇందులో వాటా ఉంది. వంతెన అడగడం మన హక్కు, గట్టిగా అడుగుదాం. కానీ వంతెన లేకపోవడం నీళ్లలో దిగడానికి అనుమతి కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

మరి ఏం చేద్దాం? గట్టు మీద నిలబడ్డప్పుడు మనిషి స్వేచ్ఛగా ఆలోచించలేడు. చీకటి పడుతుంటుంది, వెనక జీపు హారన్ కొడుతుంటుంది, కిరాయి పోతుందనే దిగులుంటుంది. అందుకే నిర్ణయం ఎండాకాలంలోనే, తలలు చల్లగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోవాలి. చప్టా పక్కన ఒక స్తంభం పాతి అడుగుల గుర్తులు వేయాలి. ఏ గుర్తు దాటితే ఏ బండీ దిగకూడదో పెద్దలు, డ్రైవర్లు, ఆడవాళ్లు కూర్చుని ఒప్పుకోవాలి. 1996 పెసా చట్టం మన గ్రామసభకు గుర్తింపు ఇచ్చింది, అక్కడే తీర్మానం రాసుకోవచ్చు. అప్పుడు ఆగిన డ్రైవరు పిరికివాడనే మాట పడడు, ఊరి మాట నిలబెట్టినవాడవుతాడు. తర్వాతి సంతకు అతని జీపు ఖాళీగా పోదు. నెలలు నిండిన తల్లులను వాన ముదరక ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చే పనిని కూడా ఆ సభలోనే పంచుకోవాలి. ప్రసవానికి ముందే ఉండే వసతి గృహాలు ఐటీడీఏల పరిధిలో కొన్నిచోట్ల ఉన్నాయి, మనకు దగ్గరలో ఎక్కడుందో తెలుసుకోవాలి.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు పొంగి మనుషులను లాక్కుపోయింది. అలాంటి వానలు ఇకముందు రావని అనుకోలేం. ‘జల్, జంగల్, జమీన్’ అన్న మన నినాదంలో మొదటి మాట నీళ్లే. నీటి మీద హక్కు అడిగే మనం నీటికి మర్యాద ఇవ్వడం కూడా పిల్లలకు నేర్పాలి. ఈ జూన్‌లో బడి తెరవగానే పిల్లలను వాగు దగ్గరికి తీసుకెళ్లండి. నీరు తక్కువగా ఉన్నప్పుడే ఊరి తాతలతో పాత వరద ఎంత ఎత్తు వచ్చిందో చూపించమనండి. ఆ ఎత్తున చెట్టుకు సున్నంతో గీత గీయించండి.