డ్రైవరు దిగిపోయాక

పాత విల్లీస్ నమూనా జీపులో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదలయ్యే చోట ఒక చిన్న డ్రమ్ము, అందులో రెండు షూలు. లివరు లాగితే అవి షాఫ్టును పట్టుకుంటాయి, షాఫ్టు వెనక చక్రాలను ఆపుతుంది. మా సీజే-3బీ ఇరుసులో గేరు నిష్పత్తి 5.38. డ్రమ్ము దగ్గరి పట్టు చక్రాలకు చేరేసరికి అన్ని రెట్లవుతుంది కనుకే అంత చిన్న డ్రమ్ము బండిని ఘాట్ మీద నిలబెడుతుంది. 1948లో వచ్చిన ల్యాండ్ రోవరు కూడా ఈ పద్ధతే ఎంచుకుని, 2016లో డిఫెండరు తయారీ ఆగేదాకా వదల్లేదు. మంచి ఏర్పాటే గానీ, గేరాయిలుకీ ఆ డ్రమ్ముకీ మధ్య అడ్డుగా ఉన్నది ఒక్క ఆయిల్ సీలు. అది అరిగితే ఆయిలు నేరుగా షూల మీదికే వస్తుంది.

నేను కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాను. నాన్న వదిలివెళ్లిన జీపు నా దగ్గరుంది కనుక చోడవరంలో ఒక మేస్త్రి గారి షెడ్డులో కూర్చునే అలవాటయింది. అక్కడ కూర్చున్నప్పుడల్లా మీమాంసకుల ప్రశ్న ఒకటి గుర్తుకొస్తుంది. యాగం పూర్తయింది, అగ్ని చల్లారింది, ఋత్విక్కులు దక్షిణ తీసుకుని వెళ్లిపోయారు. స్వర్గమేమో యజమాని చనిపోయాక గానీ రాదు. చేసిన పని లేకుండా పోయాక, రావలసిన ఫలం రాకముందు, ఆ మధ్యకాలంలో దాన్ని మోసేదెవరు? జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరుడు దానికి అపూర్వమని పేరు పెట్టాడు. కర్మ తన వెనక వదిలివెళ్లే, కంటికి కనబడని శక్తి అది. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం రెండో పాదం చివర బాదరాయణుడు దీన్ని ఒప్పుకోడు. జడమైన అపూర్వం ఫలమెలా ఇస్తుంది, ఇచ్చేవాడు ఈశ్వరుడే అంటాడు. శంకరులు అక్కడ చెప్పిన వాదం బలమైనదే. పాఠం చెప్పినన్నాళ్లూ నేను ఆ పక్షమే.

షెడ్డులో మాత్రం జైమిని వైపు మొగ్గుతాను. హ్యాండ్‌బ్రేకుకు అసలు పని డ్రైవరు దిగిపోయాకే. బిగించిన చెయ్యి అక్కడ లేదు, లాగిన చెయ్యీ లేదు. పాడేరు ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర జీపు ఆపి, కొబ్బరికాయ కొట్టడానికి డ్రైవరు దిగుతాడు. వెనక సంత సామాన్లతో జనం కూర్చునే ఉంటారు. ఆ కాసేపు వాళ్లను మోసేది ఎప్పుడో చోడవరంలో ముగిసిపోయిన పని.

ఆమధ్య ఏజెన్సీలో సర్వీసు తిప్పే కుర్రాడొకడు అచ్చం మా జీపులాంటి బండే తెచ్చాడు. డ్రమ్ము కింద నల్లగా జిడ్డు. మేస్త్రి గారు షాఫ్టు విడదీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు తీసి, యోకూ డ్రమ్మూ బయటికి లాగారు. షూలు ఆయిలు తాగి ఉన్నాయి.

"షూలు పెట్రోలుతో కడిగి బిగించీయండి మేస్త్రీ, పట్టుకుంటాది. ఆపైన అమ్మోరు చూసుకుంటాది" అన్నాడు కుర్రాడు.

"అమ్మోరు చూసుకుంటాదని నేనివి ఒగ్గేస్తే, అమ్మోరు చూసేది నన్నేరా" అన్నారాయన.

లైనింగు లోపలికి పీల్చుకున్న ఆయిలు కడిగితే పోదు. పైపైన ఆరినట్టు కనబడి, నాలుగు రోజుల్లో మళ్లీ పైకి ఊరుతుంది. షూలు మార్చి పాత సీలు ఉంచితే కొత్తవీ పాడవుతాయి. కొత్త సీలు వేసినా సరిపోదు. సీలు పెదవి రాసుకునే చోట యోకు మీద వేలికి తగిలే గాడి పడింది, దాని మీద పల్చటి స్లీవు ఎక్కించాలి. లోపలి పళ్ల సందుల్లోంచి కూడా ఆయిలు పాకుతుంది, అక్కడ సీలెంటు పూయాలి. ఇవన్నీ అయ్యాక ఆయన ట్రాన్స్‌ఫర్ కేసు మీది బ్రీదరు విప్పారు. బురదతో పూర్తిగా మూసుకుపోయింది. బండి నడిచి ఆయిలు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. పోయే దారి లేక సీలునే తోస్తుంది. ఎన్ని సీళ్లు మార్చినా అదే గతి.

గీత రెండో అధ్యాయంలోని ఆ శ్లోకం అందరి నోటా ఉంది. పని చెయ్యి, ఫలం సంగతి నీది కాదు అని సగమే చెప్పుకుంటారు. పని చెయ్యకుండా ఉండటం మీద మమకారం వద్దన్న మాట కూడా ఆ శ్లోకం చివరే ఉంది. బ్రీదరు విప్పకుండా బండి అప్పజెప్పి ఫలం దేవుడికి వదిలానంటే అది నిష్కామం కాదు. నాకు కోపం తెప్పించే మాట అది.

కుర్రాడి దగ్గర షూలకు డబ్బు లేదన్నది నిజమే. మీమాంసలో దీనికీ చర్చ ఉంది. నిత్యకర్మను చేతనైనంతలో చెయ్యవచ్చు, ఒక అంగం లోపించినా కర్మ నిలుస్తుంది. ఫలం కోరి చేసే కామ్యకర్మకు ఆ సడలింపు లేదు. అంగాలన్నీ పూర్తిగా ఉండాలి, లేకపోతే ఫలం లేదు. హ్యాండ్‌బ్రేకు ఏ కోవలోది? నా మటుకు నేను సందేహం లేకుండా రెండో దానిలో చేరుస్తాను. ఫలం అనుభవించేది సంతకు పోయే మనుషులు. వాళ్ల తరఫున "చేతనైనంత" అని సర్దుకునే అధికారం కుర్రాడికీ లేదు, మేస్త్రికీ లేదు, నాకూ లేదు.

ఆ మాట ఆయనకు చెబితే అంగాల సంగతి విని తలూపి, "ఇంకోటుంది మాస్టారూ" అన్నారు. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచిందంటే, షాఫ్టు ఆగి ఉన్నా డిఫరెన్షియల్ వల్ల రెండు చక్రాలూ ఎదురుబొదురుగా తిరగ్గలవు. బ్రేకు ఎంత బాగున్నా బండి జారిపోతుంది. అందుకని కుర్రాణ్ణి పిలిచి, చక్రానికి సరిపోయే రెండు చెక్కలు కోయించి సీటు కింద పెట్టించారు. షూల డబ్బు సంతలయ్యాక ఇమ్మని ఖాతాలో రాసుకున్నారు.